ప్రయాణంలో ఫొటోలు దాచుకోవడానికి, దిద్దుకోవడానికి ఎలాంటి ల్యాప్‌టాప్ తీసుకోవాలి?

చిత్తూరుకు చెందిన ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన దగ్గర 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. పక్షులు, జాతరలు, గుడి ఉత్సవాలు తీస్తూ ఉంటారు. సెప్టెంబరులో మూడు వారాల పాటు రాజస్థాన్ మీదుగా లద్దాఖ్ దాకా వెళ్లి రావాలని అనుకుంటున్నారు. తీసిన ఫొటోలను దారిలోనే భద్రపరచుకుని, రాత్రిళ్లు బసలో కొన్నింటిని దిద్దుకోవడానికి ఆయనకు ల్యాప్‌టాప్ కావాలి. చేతిలో ఉన్నది 90 వేల రూపాయలు. షాపులో ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించారట, స్నేహితులు మాత్రం ఆపిల్ వాళ్ల మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకోమంటున్నారట. రెండింటిలో ఏది మంచిదని ఆయన సందేహం. తిరుపతిలో ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకుని, కెమెరా సంచితో పాటు ల్యాప్‌టాప్‌ను కూడా ఊళ్లకు మోసుకు తిరిగే మనిషిగా నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

మీరు ల్యాప్‌టాప్ నుంచి మొదలుపెట్టారు. నా మాట విని ఫొటోల నుంచి మొదలుపెట్టండి. ప్రయాణంలో ల్యాప్‌టాప్ అనేది మీరు కూర్చుని పనిచేసే చోటు మాత్రమే. ఫొటోలు భద్రంగా ఉండవలసిన చోటు అది కాదు, ఎందుకంటే దొంగ ఎత్తుకెళ్లేదీ, నీళ్లు ఒలికేదీ, కిందపడేదీ ముందుగా అదే. కాబట్టి ఆ 90 వేలు మొత్తం ల్యాప్‌టాప్ ధర అనుకోకండి. అందులో ముందుగా రెండు బయటి ఎస్‌ఎస్‌డీలకు (కదిలే భాగాలు లేని చిన్న నిల్వ పరికరాలకు), మెమరీ కార్డును ల్యాప్‌టాప్‌కు కలిపే ఒక మంచి కార్డ్ రీడర్‌కు, ఒక చిన్న ఛార్జర్‌కు డబ్బు పక్కన పెట్టి, మిగిలిన దానిలో ఎంత మంచి ల్యాప్‌టాప్ వస్తే అంత మంచిది తీసుకోవాలి. నన్నడిగితే ల్యాప్‌టాప్‌కు 65 వేలు దాటించవద్దంటాను. ఈ వరుస తారుమారు చేసి, ఖరీదైన యంత్రం కొని, చివరకు ఫొటోలన్నీ దానిలోనే ఒకే ప్రతిగా పెట్టుకుని తిరిగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో నాణ్యత తగ్గకుండా కుదించిన రా ఫైలు (కెమెరా సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు) ఒక్కొక్కటి సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. కుదించకుండా తీసే పద్ధతి పెట్టుకుంటే 40 కూడా దాటవచ్చు. రోజుకు 800 ఫొటోలు తీస్తారనుకుంటే 24 జీబీ, 20 రోజులకు 480 జీబీ. ఇది మామూలు ప్రయాణికుడి లెక్క. మీరు పక్షులు తీస్తారు కాబట్టి ఇది చాలదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు గూటి మీద దిగే క్షణం కోసం సెకనుకు 20 ఫ్రేముల వేగంతో మూడు సెకన్లు బటన్ నొక్కి పట్టుకుంటే 60 ఫొటోలు, అంటే 1.8 జీబీ ఖర్చైపోతుంది. రాజస్థాన్‌లో పక్షులకు పేరుపడ్డ భరత్‌పూర్‌లో ఒక ఉదయం అలా గడిస్తే ఆ రోజు లెక్క రెట్టింపు అవుతుంది. అందువల్ల మీ ప్రయాణానికి 700 జీబీ దాకా అవసరమని ముందే అనుకోవడం మంచిది. ఇంకొక సంగతి, 1 టీబీ అని అమ్మే డిస్కు విండోస్‌లో 931 జీబీగానూ, 512 జీబీ అని అమ్మేది 476 జీబీగానూ కనిపిస్తుంది. తయారీదారులు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా ఇది. అందులో మోసమేమీ లేదు. 476లో విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రామ్ తయారుచేసుకునే ప్రివ్యూలు (చూసుకోవడానికి వాడే చిన్న నకళ్లు) పోగా మీకు మిగిలేది 350 జీబీ ఉంటే గొప్ప. 512 జీబీ ల్యాప్‌టాప్‌లో మీ ప్రయాణం మొత్తం పట్టదని దీన్నిబట్టి తేలిపోయింది. పట్టనవసరం కూడా లేదు.

బయటి నిల్వకు ఇప్పటికీ చాలామంది పాత అలవాటు కొద్దీ తిరిగే హార్డ్ డిస్కు కొంటారు, ఎందుకంటే అదే ధరకు అది రెండు మూడు రెట్లు ఎక్కువ నిల్వ ఇస్తుంది. ఇంట్లో బీరువాలో ఉంచే ప్రతికి అది బాగానే పనికొస్తుంది, ప్రయాణానికి మాత్రం వద్దు. లోపల పళ్లేలు తిరుగుతూ ఉండగా, చదివే ముల్లు వాటికి తగలకుండా చాలా పలుచని గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. బస్సు కుదుపుకో, బల్ల మీద నుంచి జారిపడితేనో ఆ ముల్లు పళ్లేనికి తగిలిందంటే డేటా పోయినట్టే. మీ ప్రయాణానికి సంబంధించి అంతకన్నా ముఖ్యమైన విషయం ఎత్తు. ఆ ముల్లును తేల్చేది గాలి కాబట్టి, మామూలు హార్డ్ డిస్కులు పనిచేయడానికి తయారీదారులు సాధారణంగా 3,000 మీటర్ల ఎత్తు వరకే హామీ ఇస్తారు. లేహ్ పట్టణమే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి మీరు ఎక్కే కనుమలు ఇంకా పైన ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలేవీ లేవు కనుక దానికి ఈ బెడద లేదు. కాబట్టి 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు, వీలైతే వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. ఒకే విడతలో తయారైన రెండింటికీ ఒకే లోపం ఉండే అవకాశం అలా తప్పుతుంది.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే చోట అనే 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫొటోగ్రాఫరే. ప్రయాణంలో ఆ సూత్రాన్ని అక్షరాలా పాటించడం కష్టమైనా, దాని సారాన్ని పాటించవచ్చు. మొదటి ఎస్‌ఎస్‌డీ ల్యాప్‌టాప్ సంచిలో ఉంటుంది. రెండవది బట్టల సంచిలోనో, మీతో వచ్చే మనిషి దగ్గరో ఉండాలి, ల్యాప్‌టాప్ ఉన్న సంచిలో మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. మూడవ ప్రతిగా మీ మెమరీ కార్డులే ఉపయోగపడతాయి. 128 జీబీ కార్డులు ఆరు ఉంటే, నిండిన కార్డును చెరపకుండా పక్కన పెట్టి కొత్తది వేసుకోవచ్చు. క్లౌడ్ సంగతి అడుగుతారేమో. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా దొరికినా 24 జీబీ ఎక్కడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది, కొండ ప్రాంతాల లాడ్జీలలో అంత వేగం రాత్రంతా దొరుకుతుందని నమ్మలేము. ఎంపిక చేసిన పదో ఇరవయ్యో ఫొటోలను పంపుకోవడానికి మాత్రమే నెట్‌ను లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. షాపులో మొదట ప్రాసెసర్ పేరు చెబుతారు, తరువాత గ్రాఫిక్స్ కార్డు, చివరకు తెర. ఫొటోల పనికి ఈ వరుసను తలకిందులు చేయాలి. మీరు దిద్దే ప్రతి రంగూ ఆ తెర చూపించిన దాన్నిబట్టే దిద్దుతారు. తెర అబద్ధం చెబితే ఎంత వేగమైన ప్రాసెసర్ ఉన్నా ఆ అబద్ధాన్ని మరింత వేగంగా దిద్దడమే అవుతుంది. వెబ్‌లో, ఫోన్లలో, మామూలు ల్యాబ్ ప్రింట్లలో వాడుకలో ఉన్న రంగుల పరిధికి ఎస్‌ఆర్‌జీబీ అని పేరు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన ప్రమాణం అది. చవక ల్యాప్‌టాప్‌ల వివరాలలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (రంగుల పరిధిని కొలిచే పాత టీవీ ప్రమాణం) అని రాసి ఉంటే, ఆ తెర ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 60 నుంచి 65 శాతం రంగులనే చూపగలదని అర్థం. ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ చూపిస్తుందని చెప్పవచ్చు. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని కంపెనీ స్వయంగా రాసి ఉంటే నిశ్చింత. డీసీఐ-పీ3 అని రాసిన తెరలు అంతకన్నా విశాలమైన పరిధి చూపిస్తాయి, ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరలు ఎక్కువగా ఈ కోవకు చెందుతాయి.

ఈ తేడా కాగితం మీద అంకెలుగా చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి, మన ప్రాంతపు వస్తువులతోనే పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను కిటికీ వెలుతురులో ఫొటో తీయండి. కరక్కాయ పట్టించిన గుడ్డకు ఉండే లేత పసుపు ఛాయ, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుమును ఊరబెట్టి తీసిన నలుపు గీత, పటిక అద్దిన చోట వేళ్ల రంగు పట్టి వచ్చే ఎరుపు, నీలిమందు నీలం, ఇవన్నీ ఒకే గుడ్డ మీద ఉంటాయి. ఆ ఫొటోను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గుడ్డను కూడా వెంట తీసుకుని షాపుకు వెళ్లండి. 45 శాతం తెర మీద ఆ ఎరుపు వెలసిపోయి ఇటుక రంగులోకి దిగిపోతుంది, పసుపు ఛాయ బూడిద రంగుకు తిరుగుతుంది. మంచి తెర పక్కన గుడ్డను పట్టుకుంటే రెండూ ఒకే ఇంటి వస్తువులుగా కనిపిస్తాయి. షాపులోని ట్యూబులైటు వల్ల గుడ్డ రంగులో కొంత తేడా వస్తుంది కాబట్టి తలుపు దగ్గరి పగటి వెలుతురులో పోల్చమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

రెండవ ఫొటోగా తిరుపతి గంగమ్మ జాతరలో తీసినది ఏదైనా తీసుకోండి. బండ వేషంలో ఒంటినిండా కుంకుమ, తోటి వేషంలో బొగ్గు, దొర వేషంలో చందనం పులుముకుని తిరిగే మనుషుల ఫొటోల కన్నా తెరకు గట్టి పరీక్ష నాకు తెలియదు. బొగ్గు పూసిన చెంప మీద చెమట మెరుపుకూ నీడకూ మధ్య ఉండే నాలుగైదు మెట్ల నలుపు విడివిడిగా కనిపించాలి, నాసిరకం తెర ఆ మెట్లన్నింటినీ కలిపి ఒకే నల్లముద్ద చేస్తుంది. కుంకుమ మీది వేళ్ల గీతలు కనిపించాలి, ఎరుపు అంతా ఒకే మచ్చగా పరుచుకుపోకూడదు. మూడవదిగా నేలపట్టులోనో పులికాట్‌లోనో తెల్లవారుజామున తీసిన ఆకాశం ఒకటి ఉంటే, ఆ నునుపైన రంగు మార్పులో చారలు పడుతున్నాయేమో చూడండి. ఈ పరీక్షలకు ముందు నైట్ లైట్, ఆటోమేటిక్ బ్రైట్‌నెస్, కంపెనీవాళ్లు పెట్టే ‘వివిడ్’ వంటి రంగుల మోడ్‌లు ఆపించండి. తలను పక్కకు, పైకి జరిపి చూసినప్పుడు రంగు మారితే ఆ తెర వద్దు. ఐపీఎస్ లేదా ఓఎల్‌ఈడీ తెర అయితే ఈ ఇబ్బంది తక్కువ.

కొనేవాళ్లు చాలా తరచుగా పట్టించుకోని విషయం ఇక్కడే చెప్పాలి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో కంపెనీలు రెండు మూడు రకాల తెరలు వేసి విడుదల చేస్తాయి. వీడియోలో సమీక్షకుడు మెచ్చుకున్నది ఒక తెర, మన దేశంలో అదే పేరుతో తక్కువ ధరకు దొరికేది మరొక తెర కావచ్చు. పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున ఉండే పూర్తి మోడల్ కోడ్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఆ కోడ్‌తో కంపెనీ వెబ్‌సైటులో తెర వివరం చూసిన తరువాతే డబ్బు కట్టండి. వెలుగు విషయంలో 300 నిట్స్ (తెర వెలుగుకు కొలత) కనీసం, 400 ఉంటే సంతోషం. రైలు కిటికీ పక్కన, గుడారంలో పగటిపూట చూడవలసి వచ్చినప్పుడు 250 నిట్స్ తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది. 14 అంగుళాల తెర, 16:10 నిష్పత్తి మీ పనికి సరిపోతాయి. 4కే తెర మీకు అవసరం లేదు, అది బ్యాటరీని తినేస్తుంది.

తెర తరువాత ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు ఫొటోలను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను ఫోటోషాప్‌లో 16 బిట్ (రంగుల ఛాయలను మరింత సూక్ష్మంగా పట్టే) పద్ధతిలో తెరిస్తే ఒక్కొక్క లేయరుకు (దిద్దుబాటు పొరకు) సుమారు 144 ఎంబీ కావాలి, పది లేయర్లకు జీబీన్నర అవుతుంది, పక్కన లైట్‌రూమ్, బ్రౌజర్ ఎలాగూ ఉంటాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌కు 8 జీబీ కనీసమనీ 16 జీబీ మేలనీ అడోబీయే చెబుతుంది. నా మాటగా 16కు తగ్గవద్దు. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు, తరువాత పెంచే వీలుండదు, కాబట్టి కొనేటప్పుడే 16 ఉండాలి. లోపలి ఎస్‌ఎస్‌డీని మాత్రం చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో తరువాత మార్చుకోవచ్చు. ప్రాసెసర్ విషయంలో నేను ఎక్కువ చెప్పను. గత మూడు నాలుగేళ్లలో వచ్చిన ఇంటెల్ కోర్ 5 స్థాయి లేదా రైజెన్ 5 స్థాయి ఏదైనా ఈ పనికి చాలు. ఖర్చుకు వెనుకాడకుండా రైజెన్ 7కో కోర్ 7కో వెళితే ఫొటోలు ఎగుమతి చేసేటప్పుడు కొన్ని నిమిషాలు కలిసివస్తాయి, అంతే.

గేమింగ్ ల్యాప్‌టాప్ మీకు ఎందుకు నచ్చిందో అర్థం చేసుకోగలను. అదే డబ్బుకు కాగితం మీద అది చాలా ఎక్కువ ఇస్తుంది. ఒక పనిలో అది నిజంగా మెరుగు కూడా. 2023లో లైట్‌రూమ్‌లో వచ్చిన ఏఐ డీనాయిజ్ (ఫొటోలోని గరుకు చుక్కలను తొలగించే సదుపాయం) గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది, విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో సెకన్లలో అయ్యే పని అది లేని యంత్రంలో నిమిషాలు పట్టవచ్చు. గరుడ సేవ రాత్రి మాడ వీధుల వెలుతురులో ఎక్కువ ఐఎస్‌ఓతో (వెలుతురుకు కెమెరా సున్నితత్వం పెంచి) తీసే మీలాంటివారికి అది చిన్న విషయం కాదు. అయితే ఆ పనిని ఇంటికి వచ్చాక కూడా చేసుకోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు ఎంపిక చేసిన ఇరవై ఫొటోలకు పెట్టి వదిలేస్తే మామూలు ల్యాప్‌టాప్ కూడా తెల్లవారేసరికి పూర్తిచేస్తుంది. దాని కోసం రెండుంబావు కిలోల యంత్రాన్నీ, అర కిలో పైగా తూగే ఛార్జర్‌నూ మూడు వారాలు మోయాలా అన్నది ఆలోచించండి. విమానంలో చేతి సామానుకు మామూలుగా 7 కిలోలే అనుమతి. కెమెరా, రెండు లెన్సులు, అందులో ఒకటి పక్షుల కోసం పొడవాటిది పెట్టాక ఎంత మిగులుతుందో సంచి తూచి చూడండి. లద్దాఖ్ మారుమూల ఊళ్లలో సోలార్ మీదో జనరేటర్ మీదో నడిచే బసలలో 200 వాట్ల ఛార్జర్ పెట్టడం ఇంటివాళ్లకు కూడా ఇబ్బందే. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ యంత్రాలు తమ శక్తిని బాగా తగ్గించుకుంటాయి, పైగా బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందువల్ల గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఈ ప్రయాణానికి నేను సిఫారసు చేయను.

మ్యాక్‌బుక్ ఎయిర్ విషయంలో మీ స్నేహితులు చెప్పిన దానిలో నిజముంది. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మోడల్ 1.24 కిలోల బరువు, 500 నిట్స్ వెలుగు, పీ3 రంగుల తెర, కనీసమే 16 జీబీ మెమరీతో వచ్చింది. బ్యాటరీ మీద కూడా అదే వేగంతో పనిచేస్తుంది, ఫ్యాను లేదు కాబట్టి రాజస్థాన్ దుమ్మును లోపలికి పీల్చదు. వందల ఫొటోలు ఒకేసారి ఎగుమతి చేసేటప్పుడు మాత్రం ఫ్యాను లేనందువల్ల వేడెక్కి నెమ్మదిస్తుంది. ప్రయాణానికి అంతకన్నా అమరిన యంత్రాలు తక్కువే. అయితే అది 99,900 రూపాయల ధరతో విడుదలైంది, ఆ ధరకు వచ్చినది 256 జీబీ నిల్వ మాత్రమే. 512 కావాలంటే మరో 20 వేలు కలపవలసి వచ్చింది, తరువాత లోపల మార్చుకునే వీలు లేదు. తగ్గింపులో దొరికి, రెండు ఎస్‌ఎస్‌డీలకు కూడా డబ్బు మిగిలేటట్టయితే 256 జీబీదే సంతోషంగా తీసుకోండి, ఎందుకంటే ఫొటోలు ఎలాగూ బయటే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీల డబ్బును దానిలో కలిపి కొనవలసి వస్తే మాత్రం వద్దు. అప్పుడు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర, 16 జీబీ ర్యామ్, 512 జీబీ నిల్వ, కిలోన్నర లోపు బరువు, 55 వాట్-అవర్లకు (బ్యాటరీ నిల్వకు కొలత) తగ్గని బ్యాటరీ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ మీకు సరైనది. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నవి బ్యాటరీ విషయంలో బాగుంటాయి కానీ, మీ కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేరూ తెర రంగులను సరిచేసే క్యాలిబ్రేషన్ పరికరమూ వాటిలో నడుస్తాయో లేదో ముందే చూసుకోవాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లోనో దొరికే ఆఫీసు వాడకపు పాత ల్యాప్‌టాప్‌లు గట్టిగా ఉంటాయి, చవక కూడా. కానీ వాటిలో చాలావాటి తెరలు 45 శాతం ఎన్‌టీఎస్‌సీవే, కాబట్టి కలంకారీ గుడ్డ వెంట లేకుండా వెళ్లవద్దు.

పోర్టుల గురించి కొంచెం ఓపికగా చదవండి, రోజూ రాత్రి మీ సమయాన్ని తినేదీ మిగిల్చేదీ అవే. టైప్-సి అన్నది రంధ్రం ఆకారానికి పేరు మాత్రమే, వేగానికి కాదు. ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు టైప్-సి రంధ్రాలలో ఒకటి సెకనుకు 10 గిగాబిట్లది, మరొకటి 5 గిగాబిట్లది కావచ్చు. ఎస్‌ఎస్‌డీని వేగమైన దానికే పెట్టాలి. ల్యాప్‌టాప్‌లోనే ఉండే ఎస్‌డీ కార్డు రంధ్రాన్ని లోపల యూఎస్‌బీ 2.0కు కలిపేసిన మోడళ్లు కూడా ఉన్నాయి. అటువంటి దానిలో 24 జీబీ దిగడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది. యూహెచ్‌ఎస్-1 (కార్డు మీద రాసే వేగం తరగతి) కార్డును మంచి రీడర్‌లో పెడితే సెకనుకు 90 ఎంబీ చొప్పున నాలుగున్నర నిమిషాలు, యూహెచ్‌ఎస్-2 కార్డు, దానికి తగిన రీడర్ ఉంటే రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఇప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రో ఎస్‌డీ రంధ్రమే ఇస్తున్నారు, అది మీ కెమెరా కార్డుకు పనికిరాదు. అందుకే విడి కార్డ్ రీడర్ తప్పనిసరి అంటున్నాను. టైప్-సి ద్వారా ఛార్జింగ్ అయ్యే ల్యాప్‌టాప్ తీసుకుంటే, మూడు రంధ్రాలున్న 65 వాట్ల చిన్న ఛార్జర్ ఒక్కటే ల్యాప్‌టాప్‌కు, ఫోనుకు, యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే కెమెరాకు సరిపోతుంది. పవర్ బ్యాంక్ తీసుకెళితే 100 వాట్-అవర్లకు మించకుండా చూసుకోండి. దాన్ని చేతి సామానులోనే పెట్టాలి, చెకిన్ సామానులో అనుమతించరు.

చలి, ఎండ విషయంలో రెండు ముక్కలు. లిథియం బ్యాటరీలు చలిలో త్వరగా దిగిపోతాయి, సున్నా డిగ్రీల లోపు ఛార్జింగ్ పెడితే దెబ్బతింటాయి. బయటి చలి నుంచి వెచ్చని గదిలోకి రాగానే సంచి విప్పితే యంత్రం మీద, లోపల తేమ పడుతుంది. సంచిని మూసే ఉంచి, గది వేడికి అలవాటు పడనిచ్చి, తరువాత తీయాలి. రాజస్థాన్‌లో ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదలకండి. చాలా ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల లోపు వాడకానికే ఉద్దేశించినవి, మూసిన కారులో అంతకు ఎన్నో మెట్లు పైకి పోతుంది.

రోజువారీ పద్ధతి ఇలా పెట్టుకోండి. బసకు చేరగానే, భోజనానికి ముందే, ఆ రోజు కార్డును తేదీ పేరుతో ఫోల్డరు చేసి మొదటి ఎస్‌ఎస్‌డీలోకి, తరువాత రెండవ దానిలోకి కార్డు నుంచే నేరుగా ఎక్కించండి. మొదటి ప్రతి నుంచి రెండవ ప్రతి తీస్తే, మొదటి దానిలో చెడిన ఫైలు రెండవ దానిలోనూ చెడినదే అవుతుంది. ఎక్కించిన ఫైళ్లను మూలంతో సరిచూసే టెరాకాపీ వంటి ప్రోగ్రామ్ వాడండి. ఫోల్డరు పేరులో సంవత్సరం ముందు, నెల తరువాత, తేదీ చివర ఉంటే వరుస తప్పదు. లైట్‌రూమ్ కేటలాగ్ (ఫొటోల జాబితా, దిద్దిన మార్పులు ఉండే ఫైలు) ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలో, ఫొటోలు బయటి ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. స్మార్ట్ ప్రివ్యూలు తయారుచేసుకుంటే ఎస్‌ఎస్‌డీని పీకేసిన తరువాత కూడా, బస్సులో కూర్చుని దిద్దుకోవచ్చు. పొడవు వైపు 2560 పిక్సెళ్ల దాకా ఉండే ఆ చిన్న ప్రతుల మీద చేసిన మార్పులు తరువాత అసలు ఫొటోలకు వాటంతట అవే వర్తిస్తాయి. లైట్‌రూమ్‌కు నెల నెలా చందా కట్టడం ఇష్టం లేకపోతే, అలాంటిదే అయిన డార్క్‌టేబుల్ ఉచితం, శక్తిమంతమైనది కూడా. నేర్చుకోవడానికి మాత్రం కొన్ని వారాలు ముందే మొదలుపెట్టాలి. దారిలో ఏరుకోవడం మీద శ్రద్ధ పెట్టండి, దిద్దడం రోజుకు పది ఫొటోలకు మించనివ్వకండి. లాడ్జీల పసుపు బల్బు కింద రంగులు ఖాయం చేయడం కన్నా, తెర వెలుగును 100, 120 నిట్స్ ప్రాంతంలో ఉంచి వెలుగునీడలను సరిచేసుకుని, రంగుల పనిని ఇంటికి వదిలేయడం మంచిది.

తలకోనకో నేలపట్టుకో ఒక్క రోజు వెళ్లి వచ్చే పనికి ల్యాప్‌టాప్ మోయనక్కరలేదని కూడా చెప్పాలి. టైప్-సి ఉన్న మంచి ఫోనుకు అదనపు రంధ్రాలిచ్చే హబ్ ఒకటి తగిలించి, కార్డ్ రీడర్ నుంచి ఎస్‌ఎస్‌డీకి ఎక్కించుకోవచ్చు. ఆ హబ్‌కు పవర్ బ్యాంక్ నుంచి కరెంటు ఇస్తే ఫోను బ్యాటరీ అయిపోదు. లద్దాఖ్‌లో ల్యాప్‌టాప్ మొరాయించిన రోజున కూడా ఇదే పద్ధతి మిమ్మల్ని కాపాడుతుంది, కాబట్టి ఇంట్లో ఒకసారి చేసి చూసుకుని వెళ్లండి.

ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు కొనండి, లోపముంటే మార్చుకునే వ్యవధి ఉంటుంది. మీకు స్టూడియో ఉండి, దానికి జీఎస్టీ నంబరు ఉంటే బిల్లులో అది రాయించుకోండి, ల్యాప్‌టాప్ మీద పడే 18 శాతం పన్నును తరువాత సర్దుకోవచ్చు. బయల్దేరే ముందు వారం విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, ప్రయాణ కాలానికి వాయిదా వేసి పెట్టండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు డిస్కుకు తాళం దానంతట అదే పడుతోంది. దొంగతనం జరిగితే అది మంచిదే కానీ, ఏదైనా కారణం చేత యంత్రం 48 అంకెల రికవరీ కీ అడిగినప్పుడు, నెట్ లేని చోట ఆ ఖాతా తెరవలేక లోపలి కేటలాగ్ అందకుండా పోతుంది. ఆ 48 అంకెలను కాగితం మీద రాసుకుని రెండవ ఎస్‌ఎస్‌డీ ఉన్న సంచిలో పెట్టుకోండి, ఇంకొక నకలు ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి.